నక్షాలో తెల్లగా వదిలేసిన చోటు: బడి భవనాలు కట్టేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ అధికారులకు, బడి భవనాలకు నక్షాలు గీసి ఎస్టిమేట్లు వేసే ఇంజినీర్లకు నమస్కారాలు.

హైదరాబాద్‌లో ఏదైనా ప్రభుత్వ పాఠశాలకు గానీ, జూనియర్ కళాశాలకు గానీ కొత్త భవనం మంజూరైనప్పుడు తయారయ్యే నక్షాను మళ్లీ ఒకసారి చూడండి. తరగతి గది పొడవు వెడల్పులు, కిటికీల కొలతలు, మెట్టు ఎత్తు, పిల్లరులో ఇనుప కడ్డీ మందం అన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. భవనం గీత దాటగానే కాగితం తెల్లగా కనిపిస్తుంది. చుట్టూ ప్రహరీకి ఒక గీత, గేటుకు రెండు చిన్న గీతలు, మూలన ఉత్తర దిక్కు చూపే బాణం, అంతే. ఆ తెల్లని భాగంలో నిజానికి ఒక వేపచెట్టు ఉంది, పిల్లలు కబడ్డీ ఆడే చోటు ఉంది, వాన నీరు పారే వాలు ఉంది, మధ్యాహ్న భోజనం బండి వచ్చే దారి ఉంది. నక్షాలో లేవు కాబట్టి అవి ఎస్టిమేట్‌లోకి ఎక్కవు. ఎస్టిమేట్‌లో లేనివాటిని కాపాడే బాధ్యత కాంట్రాక్టరుకు ఉండదు. పని మొదలైన వారంలోనే జేసీబీ వాటిలో సగాన్ని తుడిచేస్తుంది.

నేను స్థల ప్రణాళికలు గీసే ఆర్కిటెక్టును. మా వృత్తిని చాలామంది తోటపని అనుకుంటారు. భవనానికి రంగులు వేశాక, ప్రారంభోత్సవానికి ముందు, గేటు పక్కన నాలుగు క్రోటన్ మొక్కలు ఎక్కడ పెట్టాలో చెప్పమని పిలుస్తారు. అప్పటికి చెప్పడానికి ఏమీ మిగలదు. చెప్పవలసినదంతా పునాదికి ముగ్గు పోయకముందే ఉంటుంది. అందుకే ఈ లేఖ. భవనం గీయడానికి ముందు నేలను గీయించండి, ఆ నేల నక్షా లేనిదే భవనం నక్షాకు ఆమోదం ఇవ్వకండి అన్నదే నా విన్నపం.

2022లో మొదలైన ‘మన ఊరు – మన బడి’ పథకాన్నే తీసుకోండి. నగరంలో దాన్ని ‘మన బస్తీ – మన బడి’ అన్నారు. అందులో పన్నెండు రకాల పనులుండేవి: నీటి వసతితో మరుగుదొడ్లు, విద్యుత్తు, తాగునీరు, బల్లలు, రంగులు, మరమ్మతులు, బోర్డులు, ప్రహరీ గోడలు, వంట షెడ్లు, కొత్త గదులు, ఉన్నత పాఠశాలలకు భోజనశాలలు, డిజిటల్ పరికరాలు. అన్నీ అవసరమైనవే. పన్నెండింటిలోనూ ఆవరణ లేదు. వాన నీటి పారుదల లేదు, నీడ లేదు, ఆట స్థలం లేదు. విద్యాహక్కు చట్టం, 2009 మాత్రం తన షెడ్యూలులో ఆట స్థలాన్ని చేర్చింది. అయితే అది ఎంత ఉండాలో చెప్పలేదు. కొలత చెప్పని దానికి మన కార్యాలయాలలో ఎంత గౌరవం దక్కుతుందో మీకు నేను చెప్పాలా?

‘ఇవన్నీ పెద్ద ఫీజులు కట్టే బడుల ముచ్చట్లు, మాకు గదులే చాలడం లేదు’ అని మీలో కొందరు అంటారు. గదులు చాలడం లేదన్న మాట నిజమే. అయితే ఈ లేఖలో నేను అడుగుతున్నవాటిలో ఎక్కువ భాగం సరైన సమయంలో తీసుకుంటే రూపాయి ఖర్చు లేని నిర్ణయాలు. భవనాన్ని పది అడుగులు ఇటు జరపడానికి కాగితం మీద అయ్యేది ఒక రబ్బరు ముక్క ఖర్చు.

మొదట వాన సంగతి. నగరంలో రోడ్లకు పాత తారు గీకకుండానే కొత్త పొరలు వేస్తూ పోయారు. ఒకప్పుడు రోడ్డు కంటే జానెడు ఎత్తున ఉన్న బడి ఆవరణలు ఇప్పుడు రోడ్డుకు కింద ఉన్నాయి. వీధిలో పడిన వాన గేటు కిందినుంచి లోపలికి వస్తుంది. దీనికి మనం నేర్చుకున్న మందు ఒకటే: ప్లింత్, అంటే భవనం అడుగు మట్టం, పెంచడం. గదులలోకి నీరు రాదు, నిజమే. ఆ నీరంతా ఆట స్థలంలో నిలుస్తుంది. పైగా పునాదిలో తవ్విన మట్టిని ఎత్తి పోయడానికి డబ్బు అవుతుందని ఏదో ఒక మూల గుట్టగా పోస్తారు, సరిగ్గా నీరు బయటికి పోవలసిన మూలలోనే. 2020 అక్టోబరు 13 రాత్రి ఈ నగరం ఎలా మునిగిందో మనమంతా చూశాం. అంత వాన అక్కరలేదు, ఆగస్టులో అరగంట గట్టిగా కురిస్తే చాలు, మరునాడు ఉదయం ప్రార్థన వరండాలోనే.

ఎకరం రెండెకరాల స్థలానికి కాంటూరు సర్వే చేయడం ఒక సర్వేయరుకు ఒకటి రెండు రోజుల పని. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, పక్క రోడ్డు లెవెల్ ఎంత, వీధి కాలువ అడుగు ఎంత లోతున ఉంది అన్న నాలుగు సంగతులు తెలిస్తే భవనం ఎక్కడ నిలబడాలో నేలే చెబుతుంది. ఎత్తు భాగంలో భవనం, పల్లంలో నీరు ఇంకే చోటు. ఆట స్థలానికి వంద అడుగులకు ఒక అడుగు వాలు చాలు, ఆడేవారికి ఆ వాలు తెలియదు కూడా. ఇప్పుడు మన బడులలో ఇంకుడు గుంతలు ఎక్కడున్నాయో గమనించండి. నీరు పారే వైపు కంటే ఎక్కువగా కంటికి కనిపించే వైపు, గేటు పక్కన, బోర్డుతో సహా ఉంటాయి. నీరు ఎత్తుకు ఎక్కి వచ్చి గుంతలో పడుతుందని ఆశ కాబోలు.

లెక్క కూడా చూద్దాం. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు మీటర్ల పైకప్పు మీద అది 8 లక్షల లీటర్లు. ఆవిరికీ, చిందడానికీ ఐదో వంతు పోయిందనుకున్నా 6 లక్షల 40 వేల లీటర్లు మిగులుతాయి. వేసవిలో ట్యాంకరు కోసం హెడ్‌మాస్టరు ఫోన్లు చేసే బడి నెత్తి మీదనే ఇంత నీరు పడి మురుగు కాలువలోకి పోతోంది. పైకప్పు గొట్టాలను గుంతకు కలపడం ప్లంబరుకు చిన్న పని. గుంత ఎక్కడ తవ్వాలన్నది మాత్రం స్థలం నక్షా లేకుండా ఎవరూ చెప్పలేరు. మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకుకు పక్కనే తవ్విన గుంతలు కూడా నేను చూశాను.

ఇక గేటు. బడి గంటకు పావుగంట ముందు, సాయంత్రం బడి వదిలిన వెంటనే, ఏదైనా ఒక బస్తీ బడి ముందు నిలబడి చూడండి. నక్షాలో రెండు చిన్న గీతలుగా ఉన్న ఆ గేటు వద్ద ఆటోలు, తండ్రుల బైకులు, చెల్లెలి చేయి పట్టుకున్న అక్కలు, ఐస్ బండి, సిటీ బస్సు హారను, అన్నీ పన్నెండు అడుగుల వెడల్పులో కలుస్తాయి. గేటును ప్రహరీ గీత మీదనే పెట్టడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. ప్రహరీని అక్కడ మాత్రం పదిహేను ఇరవై అడుగులు లోపలికి వంచండి. ఆ వంపులో ఒక చెట్టు, రెండు వైపులా రాతి అరుగులు. పిల్లలు రోడ్డు మీద కాకుండా ఆ అరుగుల మీద ఎదురు చూస్తారు. పనికి పోతూ పిల్లవాడిని ముందుగానే దింపిపోయే తల్లికి అదొక భరోసా. పగలంతా ఆ అరుగు వీధిలోని ముసలివారికి పనికొస్తుంది. అరుగు మీద మనుషులు కూర్చునే గోడ పక్కన మూత్రం పోయడానికి ఎవరూ రారు. బడి గోడల మీద ఎన్ని దేవుళ్ల పటాల పలకలు అంటించినా చేయలేని పని ఇది.

వాహనాలకు వేరే గేటు ఉండాలి. భోజనం బండి, నీటి ట్యాంకరు, పరీక్షల ముందు ప్రశ్నపత్రాలు తెచ్చే వాహనం, ఎప్పుడో ఒకసారి రావలసి వస్తే ఫైరింజను, ఇవన్నీ పిల్లలు నడిచే దారిని తొక్కకుండా వచ్చి తిరిగి పోవాలి. ఎన్నికలు వస్తే ఇదే బడి పోలింగ్ కేంద్రం. అప్పుడు హడావుడిగా చెక్క పలకలతో వేసే ర్యాంపు, మొదటి నుంచే గేటు నుంచి గది దాకా మెట్టు లేని దారిగా ఉంటే, చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి ఏడాది పొడవునా పనికొస్తుంది. చాలా చోట్ల ర్యాంపు వరండా దగ్గర మొదలవుతుంది. గేటు నుంచి వరండా వరకు కంకర.

చెట్ల గురించి కొంచెం ఎక్కువగానే రాస్తాను, ఓపిక పట్టండి.

నక్షాలో చెట్టును చూపించేవారు కూడా చిన్న చుక్కతో సరిపెడతారు. చెట్టంటే మాను మాత్రమే అయితే చుక్క చాలు. దాని వేళ్లు కొమ్మల అంచు దాకా, చాలాసార్లు అంచు దాటి కూడా, నేల పైపొరలోనే పాకి ఉంటాయి. మానుకు ఐదడుగుల దూరంలో పునాది గుంత తవ్వి ‘చెట్టును కాపాడాం’ అని రాసుకోవచ్చు. మూడో ఏడు గాలివానకు అది తరగతి గది మీద పడితే ‘పాత చెట్టు’ అంటారు. దాని వేళ్లు ఒక వైపు మనమే నరికామని ఏ ఫైలులోనూ ఉండదు. అందుకే సర్వేలో ప్రతి చెట్టుకూ జాతి, మాను చుట్టుకొలత, కొమ్మల వ్యాప్తి మూడూ రాయించండి. ఆ కొమ్మల వ్యాప్తి గీతే కంచె గీత. పని జరిగినన్నాళ్లూ ఆ గీత లోపల సిమెంటు కలపడం, ఇనుము దించడం, లారీ నిలపడం ఉండకూడదు. కంచెకు కావలసింది కొన్ని సర్వీ కర్రలు, తాడు.

భవనం పూర్తయ్యాక మరో ప్రమాదం పేవర్ బ్లాకుల రూపంలో వస్తుంది. ఆవరణ ‘శుభ్రంగా’ కనిపించాలని మాను మొదలు దాకా పరిచి చుట్టూ సిమెంటుతో బిగిస్తారు. ఢిల్లీలో ఇదే పని విచ్చలవిడిగా జరిగినప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో జోక్యం చేసుకుని, చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. పెద్ద చెట్టుకు మీటరు కూడా తక్కువే. మన బడులలో ఆ మీటరైనా వదలండి. మాను చుట్టూ కట్టే గుండ్రటి అరుగు అందంగానే ఉంటుంది గానీ, దాన్ని మట్టితో నింపి మానును రెండడుగులు పూడ్చితే బెరడు కుళ్లుతుంది. అరుగును మానుకు దూరంగా, నేల లెవెల్ మారకుండా కట్టమని మేస్త్రీకి చెప్పాలి.

కొత్తగా ఏం నాటాలన్నది బడి క్యాలెండరును బట్టి తేల్చాలి. తురాయి చూడడానికి మంటలా ఉంటుంది, కానీ ఎండ మండే ఏప్రిల్‌లో దాని కొమ్మలకు పూలే తప్ప ఆకు ఉండదు. పైగా పెళుసు కొమ్మ, పైపైన వేరు. పిల్లలు ఆడే చోట అది వద్దు, దూరంగా గోడ మూలన ఉంటే ఉండనివ్వండి. వేప, కానుగ వేసవికి ముందో, వేసవి మొదట్లోనో ఆకు రాల్చి త్వరగానే చిగిరిస్తాయి. కానుగ నీడ మే నెలలో ఎంత చిక్కగా ఉంటుందో బస్సు కోసం దాని కింద నిలబడినవారికి తెలుసు. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, వంద మంది పిల్లలు పూలు ఏరుకున్నా తరగదు. నేరేడు, చింత ఉంటే అల్పాహారం బడ్జెట్ కొంత కలిసి వస్తుంది, అద్దాలు పగిలే ఖర్చు కొంత పెరుగుతుంది. కోనోకార్పస్ ఒక్కటి వద్దు. త్వరగా పచ్చని గోడలా లేస్తుందని నర్సరీవారు ఇస్తారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

మొక్కల లెక్కలు మనకు కొత్త కాదు. దేశంలో వనమహోత్సవం 1950 నుంచి ఉంది, రాష్ట్రంలో హరితహారం 2015లో మొదలైంది. నాటేది జులైలో, ఫొటో జులైలో, మొక్క చనిపోయేది వచ్చే మే నెలలో. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడికి తాళం. నీరు పోసేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు నేల నక్షాలోనే ఉండాలి. భోజనం తరువాత పిల్లలు చేతులు, పళ్లేలు కడిగే నీరు తలా రెండు లీటర్లనుకుంటే మూడు వందల మందికి రోజుకు 600 లీటర్లు. ఆ కుళాయిల వరుసను మరుగుదొడ్ల పక్కన కాకుండా చెట్ల వరుసకు ఎగువన పెడితే, ఒక చిన్న కాలువతో బడి నడిచే రోజులన్నీ మొక్కలకు నీరు అందుతుంది. సెలవుల ఆరేడు వారాలకు మాత్రం మొదటి రెండు వేసవులలో కాపలాదారుకు కొంత పారితోషికం ఇవ్వాలి. వెయ్యి మొక్కలు నాటి తొమ్మిది వందలు చంపుకోవడం కంటే ఇరవై నాటి ఇరవైకీ నీరు పోయడం చవక.

ఎండ దిక్కు గురించి ఇంజినీర్లకు పాఠం చెప్పను. పొడవైన గోడలు ఉత్తర దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు అన్నది అందరూ చదివినదే. మన అక్షాంశంలో జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఆరు డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు, డిసెంబరులో దక్షిణానికి నలభై డిగ్రీలకు పైగా వాలుతాడు. రెండింటినీ చిన్న చూరు ఆపగలదు. పడమటి ఎండను ఏ చూరూ ఆపదు. పుస్తకాలు చెప్పనిది ఒకటుంది: మనకు మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు. అంటే ఏడాదిలో అతి తీవ్రమైన ఎండల్లో పిల్లలు గదిలో ఉండేది ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర దాకా. కాబట్టి పడమటితో పాటు తూర్పు వైపూ నీడ కావాలి. ఇరుకు స్థలాలలో భవనాన్ని తిప్పే వీలు ఉండదు. అక్కడ మెట్లు, స్టోరు గది, ప్రయోగశాల బీరువాలు పడమటి గోడకు తోసి, తూర్పున ప్రహరీ వెంట కానుగ వరుస పెట్టండి.

ఆట స్థలం విషయంలో నాకు కోపం దాగదు. అదనపు గదులు మంజూరు కాగానే వాటిని ఖాళీ స్థలం నడిమధ్యలో పెడతారు. ఎందుకంటే అక్కడ పాతవి కూల్చనక్కరలేదు, లారీ నేరుగా వస్తుంది, పని సులువు. తరువాత మిగిలేవి నాలుగు సందులు. ఆ నాలుగింటి వైశాల్యం కలిపి రికార్డులో ‘ఖాళీ స్థలం’ అని రాస్తారు. ఖో-ఖో ఆడడానికి సందులను కలిపి కుట్టలేం. భవనాన్ని రెండు ప్రహరీల మూలకు నిబంధనలు అనుమతించినంత దగ్గరగా, ఎల్ ఆకారంలో, ఒక అంతస్తు ఎక్కువగానైనా కట్టి మిగిలినదంతా ఒకే ముక్కగా వదలండి. పీఈటీని అడగండి, ఎంత పొడవు కావాలో చెబుతారు. అద్దె ఇళ్లలో నడుస్తున్న బడులకు ఎలాగూ స్థలం లేదు. వాటికి దగ్గరలోని మున్సిపల్ పార్కును రోజుకు రెండు పీరియడ్లు కేటాయించడం ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని.

ఖాళీ చోటు విలువ ఈ నగరానికి తెలియనిదేమీ కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి స్థలం, భవనాలు ఆలోచించేటప్పుడు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల ఎత్తైన నేల మీద, ముందు విశాలమైన చోటు వదిలి నిలబడింది. తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులు చేరింది ఆ ముందు చోట్లోనే. ఎవరో ఒకరు ‘ఇక్కడ ఇంకో బ్లాకు పడుతుంది’ అని అనుకుని ఉంటే ఆ సభలు ఎక్కడ జరిగేవి? అలాగే 1908 సెప్టెంబరు మూసీ వరదలో నూటయాభై మందికి పైగా పట్టుకుని బతికిన చింతచెట్టు, తరువాత వచ్చిన ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో అలాగే మిగిలింది. దానికి చోటు వదిలే ఆసుపత్రి కట్టారు.

రాళ్ల గురించి ఒక మాట. దక్కను గ్రానైటు బండ స్థలంలో ఉంటే మనకు మొదట తట్టేది పేల్చడం. నాలుగు బండలు మిగిలిస్తే అవే పిల్లల గ్యాలరీ, రంగస్థలం, భూగోళ పాఠం. మరుగుదొడ్ల గురించి ఇంకో మాట. బాలికల మరుగుదొడ్లను దూరపు మూలలో, భవనం వెనక పెట్టే అలవాటు వెంటనే మానుకోవాలి. తరగతి జరుగుతున్న సమయంలో ఒక్కతే వెళ్లవలసిన పిల్లకు ఆ దారి పొడవునా పైకప్పు ఉండాలి, వెలుతురు ఉండాలి, టీచర్లకు కనిపిస్తూ ఉండాలి.

ఇప్పుడు మీరు చేయగలిగినవి. భవనం అంచనాతో పాటు కాంటూరు సర్వే, చెట్ల సర్వే జత చేయని ఫైలును సాంకేతిక అనుమతికి తీసుకోకండి. ఆవరణ పనులను ‘ఇతరములు’ అనే చివరి పద్దులోంచి తీసి ప్రత్యేక పద్దుగా చూపండి. చివరి పద్దులో ఉన్న డబ్బు గదుల టైల్స్ ధర పెరిగినప్పుడు మొదట ఎగిరిపోతుంది. తవ్వకానికి ముందు పై అడుగు మేర సారవంతమైన మట్టిని వేరుగా తీసి పెట్టమని టెండరు షరతులలో ఒక వాక్యం రాయండి, తరువాత ఎర్రమట్టి కొనే పని తప్పుతుంది. చెట్టు కొట్టక తప్పదంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కాగితాన్ని మొదటి బిల్లుకు జత చేయమనండి. చెట్టు పడ్డాక పెట్టే దరఖాస్తుకు అర్థం లేదు.

టెండరు పిలవడానికి నెల ముందు ఆ నేల నక్షాను పెద్ద కాగితం మీద, తెలుగులో, ఉర్దూలో పేర్లు రాసి బడి వరండాలో అంటించండి. పక్కన ఒక తాడుకు పెన్సిలు కట్టండి. నీరు ఎక్కడ నిలుస్తుందో బడి ఊడ్చే ఆయాకు తెలుసు, ఏ మూలన పాములు వస్తాయో కాపలాదారుకు తెలుసు, ఏ చెట్టు కింద అన్నం తింటారో ఆరో తరగతి పిల్లలకు తెలుసు. నెల చివర ఆ కాగితాన్ని చింపేయకుండా ఫైలులో పెట్టి, దాని మీద వచ్చిన గీతలలో ఏవి తీసుకున్నారో, ఏవి ఎందుకు తీసుకోలేదో డిప్యూటీ ఇంజినీరు సంతకంతో పక్కన రాయించండి.

ఇట్లు,
నగరంలో స్థల ప్రణాళికలు గీసే ఒక ఆర్కిటెక్టు,
హైదరాబాద్